1962లో ఎందుకు ఓడిపోయాం? యుద్ధంలో నాయకత్వ లోపాన్ని, ఆశ్రితపక్షపాతాన్ని పట్టుకునే పద్ధతి

వైజాగ్‌లో ఏ వీధిలో చూసినా ఒక నేవీ కుటుంబమో ఆర్మీ కుటుంబమో ఉంటుంది. విజయనగరం, శ్రీకాకుళం వైపు అయితే చెప్పక్కర్లేదు, సైన్యంలో మనిషి లేని ఊరు వెతుక్కోవాలి. తెల్లారగట్ల ఆర్కే బీచ్‌లో పరుగులు తీసే కుర్రాళ్ళని ఆపి అడగండి, పరమవీరచక్ర వచ్చినవాళ్ళ పేర్లు గడగడా చెప్పేస్తారు. అదే 1962లో ఎందుకు ఓడిపోయాం అని అడిగితే మాత్రం మూడు ముక్కల్లో తేల్చేస్తారు: చలి ఎక్కువ, మంచి తుపాకులు లేవు, చైనా వెన్నుపోటు పొడిచింది. ఇందులో అబద్ధమేమీ లేదు గానీ ఇది సగం జవాబు కూడా కాదు. చలికి తగ్గ బట్టల్లేని మనుషుల్ని అంత ఎత్తుకి పంపింది ఎవరు, వద్దని చెప్పినవాళ్ళని ఏం చేశారు, చెప్పినా వినని మనిషి ఆ కుర్చీలోకి ఎలా వచ్చాడు, ఇవి అడిగితే గానీ అసలు సంగతి బయటపడదు.

ఎన్‌డీఏ, సీడీఎస్ అని సైన్యంలో ఆఫీసరు ఉద్యోగాల పరీక్షలకి చదువుతున్నవాళ్ళు, ఇంట్లో జవాను ఉన్నవాళ్ళు, ఊరికే చరిత్ర అంటే ఇష్టమున్నవాళ్ళు, ఎవరైనా సరే ఒక ఓటమిని చేతిలోకి తీసుకుని దాని మూలం దాకా వెళ్ళడానికి పనికొచ్చే పద్ధతి ఇది. నేను 1962నే తీసుకుని చెప్తాను, ఎందుకంటే మన సైన్యానికి అంత పెద్ద దెబ్బ మళ్ళీ తగల్లేదు. దాదాపు 1,400 మంది చనిపోయారు, సుమారు 1,700 మంది ఏమయ్యారో తెలియలేదు, నాలుగు వేల మందికి దగ్గరగా ఖైదీలయ్యారు. ఇది చదివేటప్పుడు కోపం వస్తుంది, రావాలి కూడా. కోపంతో పాటు తేదీలు కూడా కావాలి.

కావలసిన సరంజామా పెద్దగా ఏమీ లేదు. ఒక లాంగ్ నోట్‌బుక్, అరుణాచల్ కొండల్లోని తవాంగ్ నుంచి అస్సాంలోని తేజ్‌పూర్ దాకా కనిపించే మ్యాపు, రెండు మూడు పుస్తకాలు. పుస్తకాల కోసం ముందు ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో అడగండి, యూనివర్సిటీలో ఎవరైనా తెలిసినవాళ్ళుంటే వీఎస్ కృష్ణా లైబ్రరీలో చూడండి. పుస్తకం దొరికేదాకా ఆగకుండా నోట్‌బుక్ మాత్రం ఇవాళే తెరవొచ్చు.

ముందు కుర్చీల లెక్క రాయండి

చాలామంది యుద్ధం మొదలైన రోజు నుంచి, అంటే 1962 అక్టోబరు 20 నుంచి చదవడం మొదలుపెడతారు. అప్పటికి జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయింది. కనీసం మూడేళ్ళు వెనక్కి వెళ్ళండి. పేజీకి ఎడమ వైపు తేదీ, కుడి వైపు ఏ కుర్చీలో ఎవరు కూర్చున్నారు, ఎవరు లేచారు, అంతే రాయండి. మీ అభిప్రాయాలు ఇప్పుడే రాయొద్దు.

1959 ఆగస్టు 31 నుంచి మొదలుపెట్టండి. ఆర్మీ చీఫ్ జనరల్ తిమ్మయ్య ఆ రోజు రాజీనామా ఇచ్చాడు. రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌కీ ఆయనకీ ప్రమోషన్ల విషయంలో పడలేదు, ముఖ్యంగా బీఎం కౌల్ అనే ఆఫీసరుని లెఫ్టినెంట్ జనరల్ చెయ్యడం దగ్గర. నెహ్రూ బతిమాలి రాజీనామా వెనక్కి తీయించాడు, ఆ తర్వాత పార్లమెంటులో తిమ్మయ్యనే తప్పుపట్టినట్టు మాట్లాడాడు. చీఫ్ స్థాయి మనిషికి అందరి ముందూ అలా జరిగితే కింద ఉన్న మేజర్లకీ కల్నల్‌లకీ ఏం అర్థమవుతుందో ఆలోచించండి.

తర్వాత 1961 మే. తిమ్మయ్య రిటైరవుతూ తన తర్వాత ఈస్టర్న్ కమాండ్ చూస్తున్న థోరాట్‌ని చీఫ్ చెయ్యమన్నాడు. థోరాట్ 1959లోనే చైనా వైపు నుంచి ముప్పు ఎలా ఉండబోతోందో, ఎక్కడ నిలబడి ఆపాలో రాసి పంపిన మనిషి. ఆయన్ని కాదని థాపర్‌ని చీఫ్ చేశారు. అదే ఏడాది కౌల్ ఆర్మీ హెడ్‌క్వార్టర్స్‌లో చీఫ్ ఆఫ్ జనరల్ స్టాఫ్ అయ్యాడు, అంటే సైన్యం మొత్తానికి ప్లానులు వేసే కుర్చీ.

కౌల్ గురించి ఒక పేజీ విడిగా పెట్టుకోండి. నెహ్రూకి దూరపు చుట్టమని అంటారు, చుట్టరికం మాట ఎలా ఉన్నా నమ్మకస్తుడన్నది మాత్రం అందరూ ఒప్పుకున్నదే. సర్వీసులో ఎక్కువ భాగం ఆర్మీ సర్వీస్ కోర్‌లో, అంటే సైన్యానికి సరుకులు అందించే విభాగంలో గడిచింది, యుద్ధంలో ఇన్‌ఫాంట్రీ (కాల్బలం) బెటాలియన్‌ని నడిపిన అనుభవం లేదు. అంబాలాలో డివిజన్ కమాండర్‌గా ఉన్నప్పుడు జవాన్ల చేత క్వార్టర్లు కట్టించి చెప్పిన టైముకి పూర్తి చేశాడని పేరొచ్చింది. చురుకైనవాడు, ఒక పని పట్టుకుంటే రాత్రీ పగలూ చూడడు. ఇది కూడా రాయాలి. మీరు రాసే పేజీలో ఒక మనిషి పూర్తి విలన్‌గా కనిపిస్తుంటే మీరు ఎక్కడో ఏదో వదిలేశారని లెక్క.

'కాదు' అన్నవాళ్ళు ఏమయ్యారో వెతకండి

మొత్తం పద్ధతిలో నేను ఎక్కువ టైము పెట్టమని చెప్పేది ఇక్కడే. ఆశ్రితపక్షపాతం అంటే మనవాడికి పదవి ఇవ్వడం అనుకుంటాం. అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో అన్న సామెత ఇక్కడ కూడా సరిపోతుంది గానీ, సైన్యంలో దాని అసలు నష్టం అది కాదు. మనవాడు ఒకడు పైకి వెళ్ళగానే చుట్టూ ఉన్న పాతిక మందికి ఒక సంగతి అర్థమవుతుంది: ఇక్కడ నిజం చెప్తే నష్టం, తానా అంటే తందానా అంటే లాభం. ఆ రోజు నుంచి పైకి వెళ్ళే రిపోర్టులు మారిపోతాయి. పైన ఉన్నవాడు తెలివైనవాడే అయినా తప్పుడు రిపోర్టుల మీద ఎంత మంచి నిర్ణయం తీసుకోగలడు?

అందుకే నోట్‌బుక్‌లో ఇంకో పేజీ తీసి పైన 'వద్దన్నవాళ్ళు' అని రాయండి.

థోరాట్ పేరు వచ్చేసింది. రెండోది శామ్ మానెక్‌షా, తర్వాత 1971 యుద్ధంలో ఆర్మీ చీఫ్‌గా ఉన్నాయన. వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ కమాండెంట్‌గా ఉన్నప్పుడు ఆయన మాటల మీద, ఆయన దేశభక్తి మీద అనుమానాలు పెట్టి కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ వేశారు. ఏమీ తేలలేదు, నిర్దోషిగా బయటపడ్డాడు. మీనన్‌నీ కౌల్‌నీ మెచ్చనివాడని ఆయనకి పేరుండేది. మూడోది ఉమ్రావ్ సింగ్, నాకు ఈ పేరు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆయన 33వ కోర్ కమాండర్ (కొన్ని బెటాలియన్లు కలిస్తే బ్రిగేడ్, కొన్ని బ్రిగేడ్లు కలిస్తే డివిజన్, కొన్ని డివిజన్లు కలిస్తే కోర్). 1962 సెప్టెంబరు 8న తవాంగ్ వైపు సరిహద్దులో ఉన్న ధోలా పోస్టు దగ్గర థాగ్‌లా కొండ దిగి చైనా వాళ్ళు వచ్చారు. వాళ్ళని తరిమెయ్యండి అని ఢిల్లీ నుంచి ఆర్డరు. ఉమ్రావ్ సింగ్ లెక్క వేసి, ఇంత సామాను, ఇన్ని గుండ్లు, ఇంత రేషన్ అక్కడికి చేరితే గానీ కుదరదని చెప్పాడు. అంత సామాను మోసుకెళ్ళడానికి రోడ్డు లేదు, పైనుంచి పారాచూట్‌లతో వేస్తే సగం లోయల్లో పడిపోతోంది. అంటే ఆయన చెప్పింది మర్యాదగా చెప్పిన 'కాదు'.

ఢిల్లీ ఏం చేసింది? ఆ ప్రాంతాన్ని ఆయన చేతిలోంచి తీసేసి, అక్టోబరు మొదటి వారంలో నాలుగో కోర్ అని కొత్తది పుట్టించి, కౌల్ చేతిలో పెట్టింది. ఉన్న కమాండరుకి ఆ కొండలు తెలుసు, తన లెక్కలు తనకున్నాయి. కొత్తాయనకి ఢిల్లీలో పలుకుబడి ఉంది, 'చేసేస్తాను' అన్న ధైర్యం ఉంది. నోట్‌బుక్‌లో ఈ రెండు లైన్లూ పక్కపక్కన రాసుకుంటే మిగతా యుద్ధం ఎలా నడిచి ఉంటుందో ముందే కనిపిస్తుంది.

ఇక్కడ థాపర్ చేసిన పని ఒకటి గమనించండి. సెప్టెంబరు 22న ఆయనకి కూడా భయం వేసింది, ఆర్డరు రాతపూర్వకంగా ఇవ్వమన్నాడు. రక్షణ శాఖ జాయింట్ సెక్రటరీ సంతకంతో కాగితం వచ్చింది. కాగితం చేతికి రాగానే ఊరుకున్నాడు. ఏ సంస్థ చరిత్ర చదువుతున్నా ఇలాంటి కాగితం కనిపిస్తే ఆగండి. ఒక చీఫ్ తన అనుమానాన్ని కాగితం అడగడంతో సరిపెట్టుకున్నాడంటే, అడ్డం నిలబడితే తిమ్మయ్యకి ఏమైందో ఆయన చూసే ఉన్నాడు.

ఆర్డరు ఇచ్చినవాడు ఆ పూట ఎక్కడున్నాడు?

మ్యాపు బయటకి తియ్యాల్సింది ఇప్పుడు. ఒక్కో ఆర్డరు పక్కన రెండు విషయాలు రాయండి: ఇచ్చినవాడు ఎక్కడున్నాడు, అందుకున్నవాడు ఎక్కడున్నాడు.

నామ్‌కా చూ అనేది ఆ ధోలా పోస్టు దగ్గరి చిన్న ఏరు, పది వేల అడుగులకి పైన లోయలో పారుతుంది. బ్రిగేడియర్ జాన్ దల్వీ ఏడో బ్రిగేడ్ ఆ ఏటి ఒడ్డున పరుచుకుని ఉంది. ఎదురుగా ఎత్తు మీద చైనా సైన్యం. మనవాళ్ళకి నూలు యూనిఫాం, పాత .303 రైఫిళ్ళు, చాలామందికి తలకి యాభై రౌండ్లు. అక్టోబరు 10న ఏటికి అవతల త్సెంగ్‌జోంగ్ దగ్గర మన పంజాబ్ బెటాలియన్ పెట్రోల్ మీద చైనా వాళ్ళు పెద్ద సంఖ్యలో వచ్చి పడ్డారు. కౌల్ అప్పుడు అక్కడే ఉన్నాడు, తన కళ్ళతో చూశాడు. అంత ఎత్తుకి అలవాటు పడకుండా ముందు వరుస దాకా వెళ్ళిన ధైర్యం ఆయనదే, అది కాదనక్కర్లేదు. చూశాక ఢిల్లీ వెళ్ళి చెప్పాడు కూడా. తరిమికొట్టే పని ఆగింది, కానీ బ్రిగేడ్‌ని ఆ గోతిలోంచి వెనక్కి తీసి మంచి చోట నిలబెట్టే పని ఎవరూ చెయ్యలేదు. దల్వీ అడుగుతూనే ఉన్నాడు. ఈలోగా అక్టోబరు 12న కొలంబో బయల్దేరుతూ నెహ్రూ, మన భూభాగం నుంచి వాళ్ళని ఖాళీ చేయించమని సైన్యానికి చెప్పామని విలేఖరులతో అనేశాడు. దాంతో వెనక్కి రావడం రాజకీయంగా కూడా కష్టమైపోయింది.

కౌల్‌కి ఆ ఎత్తులో ఒళ్ళు పాడైంది. అక్టోబరు 18 నాటికి ఢిల్లీ చేరి తన ఇంట్లో మంచం మీద పడుకుని అక్కడి నుంచే కోర్‌ని నడిపాడు. జబ్బు చెయ్యడం తప్పు కాదు. కానీ జబ్బు చేసిన కోర్ కమాండర్ బాధ్యత వెంటనే ఇంకొకరికి అప్పగించకపోవడం, అప్పగించమని పైవాళ్ళు కూడా అడగకపోవడం, ఇది మాత్రం ఇంకో ఆఫీసరు విషయంలో జరిగేదా? అక్టోబరు 20 తెల్లవారుజామున చైనా దాడి మొదలైంది, కొన్ని గంటల్లో ఏడో బ్రిగేడ్ చెదిరిపోయింది. రెండు రోజుల తర్వాత దల్వీ ఖైదీ అయ్యాడు.

అప్పుడు హర్‌బక్ష్ సింగ్‌ని నాలుగో కోర్‌కి పంపారు. గట్టి మనిషి, వస్తూనే సర్దడం మొదలుపెట్టాడు. వారం తిరక్కుండానే కౌల్ కోలుకున్నాడని మళ్ళీ ఆయన్నే ఆ కుర్చీలో కూర్చోబెట్టి హర్‌బక్ష్‌ని అక్కడి నుంచి మార్చేశారు. యుద్ధం మధ్యలో ఒక కోర్ నెల రోజుల్లో చేతులు మారిన తీరు ఇది. హర్‌బక్ష్ సత్తా ఏంటో మూడేళ్ళ తర్వాత 1965లో వెస్టర్న్ కమాండ్‌లో దేశమంతా చూసింది.

నవంబరు 17 సాయంత్రాన్ని మాత్రం గంట గంటకీ విడదీసి చదవండి. సేలా అనేది పదమూడు వేల అడుగులు దాటిన కనుమ, అక్కడ హోషియార్ సింగ్ బ్రిగేడ్ కాచుకుని ఉంది. వెనకాల దిరాంగ్‌లో డివిజన్ కమాండర్ ఏఎస్ పఠానియా. చైనా వాళ్ళు పక్క దారుల్లో చుట్టుకొస్తున్నారని తెలిసి పఠానియాకి కంగారు పుట్టింది, సేలా వదిలేసి వెనక్కి వస్తామని తేజ్‌పూర్‌కి ఫోన్ చేశాడు. తేజ్‌పూర్ కోర్ హెడ్‌క్వార్టర్స్‌లో ఆ సాయంత్రం ఎవరున్నారో చూడండి: ఆర్మీ చీఫ్ థాపర్, ఈస్టర్న్ కమాండ్ అధిపతి సేన్. కౌల్ అరుణాచల్ తూర్పు కొసన ఉన్న వాలాంగ్ వైపు వెళ్ళాడు, ఇంకా రాలేదు. సైన్యంలో అందరికన్నా పెద్దాయన, ఆయన తర్వాతి పెద్దాయన ఇద్దరూ ఫోన్ పక్కనే ఉండి కూడా అవుననీ కాదనీ చెప్పలేదు, కౌల్ రానివ్వండి అన్నారు. కౌల్ రాత్రికి వచ్చాడు. ముందు ఒక మాట, తర్వాత ఇంకో మాట, చివరికి వెళ్ళిన సందేశంలో నిలబడమనీ ఉంది, నిలబడలేకపోతే వెనక్కి రమ్మనీ ఉంది. మర్నాటికి సేలా పోయింది, దిరాంగ్ పోయింది, బొమ్‌డిలా పోయింది. వెనక్కి వస్తూ హోషియార్ సింగ్ ప్రాణాలు కోల్పోయాడు.

ఆ ఇద్దరు జనరల్స్ మౌనాన్ని అర్థం చేసుకుంటే మీకు ఈ సబ్జెక్టు వచ్చినట్టే. పైవాళ్ళ అండ ఉన్న కిందివాడి మాటకి అడ్డం చెప్పాల్సి వచ్చినప్పుడు, అధికారం కాగితం మీద ఎంత ఉన్నా, నోరు పెగల్లేదు.

చేతకానితనమా, సొంతవాళ్ళ పిచ్చా?

యుద్ధంలో మంచి కమాండర్లు కూడా తప్పులు చేస్తారు. ఓడిన ప్రతివాడినీ పైరవీతో వచ్చినవాడనడం అన్యాయం. తేడా కనిపెట్టడానికి నేను చూసేవి ఇవి. వరస తప్పి ప్రమోషన్ వచ్చిందా? వస్తే, ఆ పదవికి కావాల్సిన అనుభవం లేకపోయినా వచ్చిందా? ముందుగా వద్దన్నవాళ్ళు పక్కకి జరిగారా? అన్నిటికన్నా గట్టి గుర్తు చివరిది: తప్పు బయటపడ్డాక ఏం జరిగింది? మామూలు ఆఫీసరు విఫలమైతే తీసేస్తారు. నామ్‌కా చూ తర్వాత డివిజన్ కమాండర్ నిరంజన్ ప్రసాద్‌ని తీసేశారు, ఆ మోహరింపు తనకి ఇష్టం లేకపోయినా. కౌల్‌కి మాత్రం కుర్చీ తిరిగి దొరికింది. ఒకే ఓటమి, ఇద్దరికి రెండు కొలతలు. పక్షపాతానికి ఇంతకన్నా రుజువు వెతకక్కర్లేదు.

ఇది రాసేటప్పుడు అందరినీ ఒకే గాటన కట్టొద్దు. కృష్ణ మీనన్ మన దేశంలో ఆయుధాల తయారీకి గట్టిగా పనిచేశాడు, అది నిజం. జనరల్స్‌ని తనవాళ్ళు, పరాయివాళ్ళు అని విడదీశాడు, అదీ నిజం. రెండూ రాయండి.

పుస్తకాల విషయానికొస్తే, కౌల్ 1967లో తన వైపు కథ రాసుకున్నాడు, దల్వీ చైనా చెర నుంచి వచ్చాక 1969లో తనది రాశాడు. రెండూ ఆత్మరక్షణే, రెండిట్లోనూ రాసినవాడి చెయ్యి శుభ్రంగానే ఉంటుంది. ఒకే రోజు గురించి ఇద్దరూ ఏం రాశారో పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఉదాహరణకి అక్టోబరు 10. ఇద్దరూ ఒప్పుకున్న విషయాన్ని నీలం పెన్నుతో, పడనిదాన్ని ఎర్ర పెన్నుతో రాసుకుంటే నీలం భాగం దాదాపు నమ్మొచ్చు. ఎర్ర భాగం దగ్గర మూడో మనిషి సాక్ష్యం కావాలి.

ఆ మూడో సాక్ష్యం ప్రభుత్వం దగ్గర ఉంది. యుద్ధం అయ్యాక కొత్త చీఫ్ చౌధురి లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ ప్రేమీంద్ర సింగ్ భగత్‌లతో విచారణ చేయించాడు. 1963లోనే రిపోర్టు వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 2న రక్షణ మంత్రి యశ్వంత్‌రావ్ చవాన్ పార్లమెంటులో దాని సారాంశం మాత్రం చెప్పాడు. పూర్తి రిపోర్టుని ఏ పార్టీ ప్రభుత్వమూ అధికారికంగా బయటపెట్టలేదు. 2014లో నెవిల్ మాక్స్‌వెల్ అనే ఆస్ట్రేలియా జర్నలిస్టు కొంత భాగం ఇంటర్నెట్‌లో పెట్టాడు. అరవై ఏళ్ళు దాటాయి, చనిపోయినవాళ్ళ భార్యలు కూడా చాలామంది ఇప్పుడు లేరు. వాళ్ళ మనవలకైనా ఆ కాగితాలు చదివే హక్కు లేదా? చవాన్ ప్రకటన పార్లమెంటు రికార్డుల్లో దొరుకుతుంది, దాన్ని మొదట చదివి, తర్వాత బయటికొచ్చిన భాగాన్ని చదవండి. సారాంశంలో ఏం వదిలేశారో అప్పుడు తెలుస్తుంది.

వీరగాథల్ని వేరే పేజీలో పెట్టండి

ఇది చెప్పడం నాకు కష్టంగానే ఉంటుంది. నవంబరు 18న లద్దాఖ్‌లోని రెజాంగ్‌లా దగ్గర మేజర్ సైతాన్ సింగ్, ఆయన కుమావ్ కంపెనీ కుర్రాళ్ళు చివరి మనిషి దాకా పోరాడారు. సుమారు 120 మందిలో నూట పది మందికి పైగా అక్కడే పోయారు. మంచు కరిగాక చూస్తే చేతుల్లో తుపాకులతోనే ఉన్నారు. చదివితే కళ్ళు చెమరుస్తాయి. కానీ చాలా పుస్తకాల్లో, స్పీచుల్లో ఈ కథ చెప్పి అక్కడితో ఆపేస్తారు. జవాను అంత గొప్పగా చచ్చిపోతే, అతన్ని ఫిరంగుల మద్దతు లేని చోట ఎందుకు నిలబెట్టాల్సొచ్చిందని అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. ఆ మొహమాటం వల్ల లాభపడేది నిర్ణయాలు తీసుకున్నవాళ్ళే. అందుకే రెండు పేజీలు. వీరత్వం పేజీలో జవాన్ల పేర్లు, నిర్ణయాల పేజీలో ఆర్డర్లు. ఒకదాంతో ఇంకోదాన్ని కప్పకండి.

ఇదే పద్ధతిని పరాయి సైన్యం మీద వేసి చూడండి

మన సైన్యం గురించే చదివితే అభిమానమో కోపమో చూపుని మసకబారుస్తుంది. పక్కవాళ్ళది చదివితే చెయ్యి తిరుగుతుంది.

మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 1757లో బొబ్బిలి యుద్ధం నడిపిన ఫ్రెంచి కమాండర్ బుస్సీ, అదే ఏడు ఇంగ్లీషువాళ్ళ నుంచి విశాఖపట్నం కూడా పట్టుకున్నాడు. ఉత్తర సర్కారుల్లో రాజులెవరు, ఎవరికి ఎవరితో పడదు, నిజాం దర్బారులో ఎవరి మాట చెల్లుతుంది, అన్నీ తెలిసిన మనిషి. 1758లో పాండిచ్చేరి దిగిన కొత్త అధిపతి లాలీకి బుస్సీ మీద నమ్మకం లేదు, వెనక్కి పిలిపించి ఆయన చోట కాన్‌ఫ్లాన్స్ అనే కొత్తవాణ్ణి పెట్టాడు. బుస్సీ కదలగానే విజయనగరం ఆనంద గజపతిరాజు విశాఖ నుంచి ఫ్రెంచివాళ్ళని వెళ్ళగొట్టి ఇంగ్లీషువాళ్ళకి కబురు పెట్టాడు. క్లైవ్ పంపిన కల్నల్ ఫోర్డ్ అక్టోబరులో ఇక్కడే, మన విశాఖలోనే దిగాడు. డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా పోయింది. కుర్చీల లెక్క, వద్దన్నవాళ్ళ లెక్క, ఎవరు ఎక్కడున్నారన్న లెక్క, మూడూ దీని మీద వేసి చూడండి. తుని దాటి పిఠాపురం స్టేషన్‌లో దిగితే చందుర్తి దగ్గరే, ఒక ఆదివారం వెళ్ళి ఆ నేల చూసి రావచ్చు.

ఇంకోటి పాకిస్తాన్‌ది. 1965 సెప్టెంబరు 1న జమ్మూ దగ్గరి ఛంబ్ వైపు పాకిస్తాన్ జనరల్ అఖ్తర్ మాలిక్ దాడి మొదలుపెట్టాడు, ముందుకి దూసుకొస్తున్నాడు. మర్నాడే ఆయన్ని తీసేసి యాహ్యా ఖాన్‌ని పెట్టారు. చేతులు మారేసరికి దాడి వేగం తగ్గింది, మనవాళ్ళకి ఊపిరి తీసుకునే టైము దొరికింది. ఎందుకు మార్చారన్నదానికి పాకిస్తాన్‌లో ఇప్పటికీ రకరకాల కారణాలు చెప్తారు. ఆ కారణాలన్నీ రాసుకుని, ఏది తేదీలకి సరిపోతుందో మీరే చూడండి.

బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళినప్పుడు, అదే రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర నిలబడినప్పుడు కూడా ఇదే పని చెయ్యొచ్చు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మన తీరానికి దగ్గర్లో మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ అప్పటికే పాతది, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలో కట్టింది. బంగాళాఖాతం దాకా రాగల సబ్‌మెరైన్ పాకిస్తాన్‌కి అదొక్కటే కాబట్టి పంపారు. ఈస్టర్న్ నేవల్ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ మన విమానవాహక నౌక విక్రాంత్ ఇక్కడే ఉందని నమ్మించి, నిజానికి అండమాన్ వైపు దాచాడు. ఘాజీ ఎలా మునిగిందన్నదాని మీద మన నేవీ చెప్పేది ఒకటి, పాకిస్తాన్ చెప్పేది ఇంకొకటి. రెండూ రాయండి.

1971 చదివేటప్పుడు 1962 నోట్‌బుక్ పక్కన పెట్టుకోండి. ఏప్రిల్‌లోనే తూర్పు పాకిస్తాన్ మీదకి వెళ్ళమంటే మానెక్‌షా, వర్షాలొస్తున్నాయి, సైన్యం సిద్ధంగా లేదు, ఇప్పుడు కాదు అన్నాడు. తర్వాత ఆయన చెప్పిన ప్రకారం రాజీనామా కూడా ఇస్తానన్నాడు. ఇది కూడా సొంత నోటితో చెప్పుకున్న కథే కాబట్టి ఎర్ర పెన్ను వాడండి. కానీ యుద్ధం డిసెంబరులో జరిగిందన్నది, పదమూడు రోజుల్లో ముగిసిందన్నది నీలం పెన్ను. తొమ్మిదేళ్ళ కిందట విచారణ ఎదుర్కొన్న మనిషి, ఈసారి 'కాదు' అన్నా కుర్చీలోనే ఉన్నాడు.

రిటైరైనవాళ్ళతో మాట్లాడేటప్పుడు

పుస్తకాల్లో జనరల్స్ ఉంటారు, జవాను ఉండడు. అందుకు మన వీధుల్లోకే వెళ్ళాలి. మా దగ్గర్లో 1971లో తూర్పు వైపు పనిచేసిన హవల్దార్ గారు ఒకరున్నారు. "తాతగారూ, మీ ఆఫీసరు మంచివాడని మీకెలా తెలిసేది?" అని అడిగితే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "సెలవుల లిస్టు చూస్తే తెలిసిపోద్ది బాబూ. సొంతూరోడికి, వంట బాగా చేసేవోడికి ముందు సెలవు రాసేవోడు, రేపు పెట్రోల్‌కి కూడా కానివోణ్ణే పంపుతాడు. అందరికీ వరస ప్రకారం రాసేవోడు ముందు నడిస్తే, ఎనక మేం కళ్ళు మూసుకుని నడిచేవోళ్ళం."

ఢిల్లీలో ప్రమోషన్ల లిస్టు ఎలాగో, కంపెనీలో సెలవుల లిస్టు అలాగే. అందుకని పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళి 'మీ కమాండర్ పక్షపాతం చూపించాడా' అని ముఖం మీద అడగొద్దు, చెప్పరు. యూనిఫాం వేసుకున్నవాళ్ళకి ఆఫీసరు మీద చెడు చెప్పడం అలవాటుండదు. తిండి గురించి అడగండి, బూట్లు ఎప్పుడొచ్చాయో అడగండి, ఉత్తరాలు ఎన్ని రోజులకి అందేవో, సెలవు ఎలా దొరికేదో, దెబ్బ తగిలినవాణ్ణి ఎవరు మోశారో అడగండి. అవి చెప్తూ చెప్తూ వాళ్ళే ఆఫీసరు దగ్గరికి వస్తారు. పేర్లు మీ నోట్‌బుక్‌లో రాయకండి, యూనిట్, నెల, ఊరు రాసుకుంటే చాలు. ఇంటికొచ్చాక ఆ నెలలో ఆ యూనిట్ ఎక్కడుందో పుస్తకంలో సరిచూడండి. అరవై ఏళ్ళ తర్వాత నెలలు అటూ ఇటూ అవుతాయి, దానికి ఆయన్ని తప్పుపట్టొద్దు. తేదీ కలవకపోతే ఇంకోసారి వెళ్ళి, ఆ ఏడు పండక్కి ఎక్కడున్నారు తాతగారూ అని అడగండి. సంక్రాంతికి ఎక్కడున్నాడో ఏ జవానూ మర్చిపోడు, అక్కడి నుంచి మిగతా తేదీలు లెక్కగట్టుకోవచ్చు.